అల్ ఖోర్ కుళాయి: ఒక సవరణ

నాలుగేళ్ళ కిందట ఈ పత్రికలోనే నా ఖతర్ ప్రయాణం గురించి రాశాను. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. జిల్లా సమావేశాల్లో ఒకరిద్దరు అందులో వాక్యాలు నాకే అప్పజెప్పారు కూడా. పోయిన నెల ఖాజా మొయినుద్దీన్ సెలవు మీద బోధన్ వచ్చి, పనిగట్టుకుని రాజమండ్రి దాకా వచ్చి మా ఇంట్లో భోజనం చేశాడు. ఖాజా దోహాలో చెవిటి పిల్లల బడిలో టీచరు. నేను అక్కడున్నన్నాళ్ళూ నన్ను చూసుకున్న మనిషి. పప్పు, పులుసు అయ్యేదాకా ఊరుకుని, పెరుగు దగ్గర నోరు విప్పాడు.

"మీరు రాసింది సువార్త మేడం చదివింది సార్. ముందుగాల నవ్వింది. ఎన్కనుంచి నవ్వలె."

మా ఆవిడ పెరుగు వడ్డించడం ఆపి నా వంక చూసింది. ఎవరీ సువార్త, ఎందుకు నవ్వలేదు అని ఆ చూపు. చెప్పక తప్పలేదు. ఆవిడకి చెప్పాక మీకు చెప్పకుండా ఉండడం బాగుండదు కదా.

అందుకని ఆ ప్రయాణాన్ని మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను. రైళ్ళు, బస, భోజనం అప్పుడు రాసినవే. వాటిలో అబద్ధం లేదు. అబద్ధమంతా ఒక కుళాయి దగ్గర ఉంది.

తొంభై అయిదు వేసవిలో నేను వెళ్ళడానికి కారణం నా ప్రతిభ కాదు, మా ప్రిన్సిపాల్ గారి పాస్‌పోర్టు. దాని గడువు తీరిపోయిందని ఆహ్వానం వచ్చాకగాని ఆయనకి తెలియలేదు. "నన్ను ఎంపిక చేశారు" అని అప్పట్లో రాశాను. అప్పటికి మా సంస్థలో చెల్లే పాస్‌పోర్టు ఉన్నవాళ్ళం ఇద్దరమే: నేనూ, కువైట్ నుంచి తిరిగొచ్చిన వంటాయనా.

ఖతర్ దేశమంతా కలిపితే మన తూర్పుగోదావరి జిల్లాకి కాస్త ఎక్కువ. మా సంస్థలోలాగే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి నేర్పడానికి దోహాలో, వక్రాలో, దుఖాన్‌లో, అల్ ఖోర్‌లో విడివిడిగా కేంద్రాలున్నాయి. ఒకరు ఎలా నేర్పుతున్నారో ఇంకొకరికి తెలియదు. కంపెనీవాళ్ళు తండ్రిని దుఖాన్ నుంచి అల్ ఖోర్‌కి మారిస్తే, పిల్లవాడు బొత్తాలు పెట్టుకోవడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. అక్కడి టీచరు పై బొత్తాం నుంచి మొదలుపెట్టించింది, ఇక్కడి టీచరు కింద బొత్తాం నుంచి మొదలుపెట్టిస్తుంది. ఈ గొడవ వదిలించుకోవడానికి తల్లిదండ్రులంతా కలిసి ఒక ఆలోచన చేశారు. దేశంలో ఉన్న ఇలాంటి టీచర్లనందరినీ అయిదు రోజులు ఒకచోట కూర్చోబెట్టాలి, అందరూ ఒకే తీరుగా నేర్పేలా శిక్షణ ఇప్పించాలి. శిక్షణ ఇచ్చేవాడు ఇండియా నుంచి రావాలి.

నా విషయం, మెట్లు. మామూలు మనుషులు చేతులు కడుక్కుంటారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళం దాన్ని పది మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టూ నేర్పి, ఎక్కినప్పుడల్లా మెచ్చుకుంటాం. ఆ పది మెట్లకీ ఒక పెద్ద చార్టు వేయించాను. వేసింది సినిమాహాళ్ళకి బోర్డులు రాసే వీర్రాజు. చార్టులో చేతులు కడుక్కునే పాపకి నుదుటి మీద ముంగురులు, సబ్బు రాసుకుంటూ ఓరచూపు. కుళాయిలు రెండు: ఎర్రదాని చుట్టూ మంటలు, నీలందాని కింద చినుకులు. ఎర్రది వేడి, ముట్టకు. నీలంది చల్లన, తిప్పు. చార్టులన్నీ చుట్టి ఒక ప్లాస్టిక్ నీళ్ళ పైపులో దూర్చి రెండు వైపులా మూతలు బిగించాను.

సికిందరాబాదులో మధ్యాహ్నం బొంబాయి రైలెక్కాను. ఎదురు బెర్తు మీద పెద్దావిడ తాండూరు దాకా నా పైపునే చూసి చివరికి అడిగింది. "బొంబాయిల బోరు ఏపిస్తున్నవా నాయినా?"

"కాదమ్మా, ఖతర్ వెళ్తున్నాను."

"ఆడ నీళ్ళు పడ్తయా?"

తెల్లారి దాదర్‌లో దిగాను. స్టేషను దగ్గర లాడ్జిలో పగలంతా పడుకుని, మర్నాడు పొద్దున విమానం ఎక్కాను. పక్క సీటులో జగిత్యాల రాజన్న, కట్టుడు పనివాడు, మూడోసారి వెళ్తున్నాడు. నన్ను చూడగానే కొత్తవాణ్ణని కనిపెట్టి బెల్టు పెట్టించాడు.

"మొదటిపారా సార్ దుబాయ్?"

"దుబాయ్ కాదండీ, మనం వెళ్ళేది ఖతర్."

"గదే, దుబాయే. మా అమ్మకు గింతే చెప్పిన. ఖతర్ అంటే ఉత్తరం అందదని ఆమెకు బుగులు."

మూడున్నర గంటల ప్రయాణం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు దోహాలో దిగగానే గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. బొంబాయిలో ఫలహారం చేసి బయల్దేరి, దోహాలో ఇంకా ఫలహారం వేళకే దిగుతారు. విమానం మెట్ల మీద వేడి గాలి కొడితే ఇంజను గాలి అనుకుని పక్కకి జరిగాను. పక్కనా అదే గాలి.

కస్టమ్స్‌లో పైపు విప్పించారు. అధికారి చార్టు పరిచి, ఓరచూపు పాపని కాసేపు చూసి, ఇంకో అధికారిని పిలిచాడు.

"సినిమా?" అని అడిగారు.

"సబ్బు," అన్నాను. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పొమ్మన్నారు.

బయట ఖాజా నిలబడి ఉన్నాడు. నారింజ రంగు టాక్సీలో అల్ ముంతజాలో అతని ఇంటికి వెళ్ళాం. అతని భార్యాపిల్లలు సెలవులకి బోధన్ వెళ్ళారు కాబట్టి ఒక గది నాకిచ్చాడు. పార్కు దగ్గర మూడో అంతస్తు, కిటికీలో ఏసీ లారీలా మోగుతుంది. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఊరంతా తలుపులు మూసి పడుకుంటుందనీ, ఆ వేళలో కొట్ల కోసం తిరిగితే ఎండదెబ్బ తప్ప ఏమీ దొరకదనీ చెప్పాడు. ఒక రియాల్ అంటే మన పది రూపాయలకి కాస్త తక్కువ. సగం రియాల్‌కి చిక్కటి పాల టీ ఇస్తారు, అది తాగితే భోజనం గంట వాయిదా వెయ్యొచ్చు. ఖాజా మామిడికాయ వేసి పుల్లటి పప్పు చేశాడు.

స్నానానికి వెళ్తుంటే స్నానాలగది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, నీలం నల్లా ముట్టకుండ్రి. ట్యాంకు మిద్దె మీదుంది. పైపుల నీళ్ళు చాయ్ తీరు మరిగి వస్తయ్. ఎర్రది తిప్పుండ్రి."

"ఎర్రది వేడి కదయ్యా."

"చలికాలం వేడి. గిప్పుడు గీజరు బంద్ పెట్టిన. దాంట్ల నీళ్ళు ఇంట్ల నీడకుంటయ్, సల్లగుంటయ్. ఈడ ఎండకాలం అందరి ఇండ్లల్ల గింతే."

నేను ఆశ్చర్యపడ్డాను. ఆ వింత నా మొదటి వ్యాసంలో కూడా రాశాను: ఖతర్‌లో వేసవిలో ఎర్ర కుళాయి చల్లన, నీలం కుళాయి వేడి అని. చదివినవాళ్ళు వెనక్కి తిప్పి చూస్తే దొరుకుతుంది. అదే వ్యాసంలో మూడు పేజీల తర్వాత ఇంకొక మాట కూడా ఉంది. ఆ రెండిటినీ కలిపి చదివినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు, నాతో సహా.

శనివారం పొద్దున ఏడింటికి శిక్షణ మొదలైంది. దోహాలో ఒక కేంద్రం హాలు, ఇరవై మందికి పైగా టీచర్లు: మలయాళీలు, గోవావాళ్ళు, ఈజిప్టు, సూడాన్, ఒక ఫిలిప్పీన్ అమ్మాయి. బయట నిప్పులు, లోపల ఏసీ. చలికోటు తెచ్చుకోని నేను చార్టు ఒకటి భుజాల మీద కప్పుకుందామా అనుకున్నాను. ఈ దారిన వచ్చేవాళ్ళు స్వెట్టరు మర్చిపోవద్దు.

మాలాంటివాళ్ళు ఇరవై మంది ఒకచోట చేరితే ఎలా ఉంటుందో బయటివాళ్ళకి తెలియదు. మెచ్చుకోవడం మాకు వృత్తిరోగం. టీ తెచ్చినతను కప్పు కింద పెడితే ఇద్దరు "వెరీ గుడ్" అన్నారు. నేను కళ్ళజోడు జేబులోంచి తీసి పెట్టుకుంటే ఈజిప్టు టీచరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి నాలిక కరుచుకుంది. చెవిటి పిల్లల టీచరైనా నాకు తోడుగా వచ్చి కూర్చున్న ఖాజా సైగలతో మాట్లాడడం మర్చిపోడు. పక్కనున్న మనిషిని ఉప్పు అడిగినా చేతులు తిప్పేవాడు.

మొదటిరోజే నాకు ఎదురుచెప్పిన మనిషి సువార్త గారు. నరసాపురం ఆవిడ, అల్ ఖోర్ కేంద్రంలో టీచరు, నా ఈడే ఉంటారు. చార్టు చూసి చెయ్యెత్తారు.

"మాష్టారూ, బొమ్మ బాగుందండి. పిల్ల మటుకు చేతులు కడుక్కుంటున్నట్టు లేదు, ఎవరికోసమో చూస్తున్నట్టుంది."

అందరికీ ఇంగ్లీషులో అదే చెబితే హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"ఇంకోటండి. ఒక మెట్టు తక్కువైంది. కుళాయి తిప్పాక చేతులు పెట్టెయ్యకూడదండీ. ముందు ఒక్క వేలు పెట్టి చూడాలి. మా పిల్లలకి అలాగే నేర్పుతాం."

"రంగు గుర్తుపట్టడం వస్తే వేలు ఎందుకండీ? మెట్లు ఎక్కువైతే పిల్లలు తికమకపడతారు."

"ఇక్కడ రంగుల మాట నమ్మడానికి లేదండి."

ఆ మధ్యాహ్నం ఎవరి మెట్లు వాళ్ళు నల్లబల్ల మీద రాస్తే, అన్నిటినీ కలిపి దేశమంతటికీ ఒకే జాబితా చేశాం. సువార్త గారు రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య "ఒక్క వేలు" అని రాశారు. నేను ఎర్ర సుద్దముక్కతో కొట్టేశాను. ఎర్ర సుద్దముక్క పట్టుకున్నవాడికి ఏదో ఒకటి కొట్టెయ్యాలనిపిస్తుంది. ఆవిడ "ఆయ్, మీ ఇష్టమండి" అని కూర్చున్నారు. గోదావరి జిల్లా "ఆయ్"లో ఎంత ఒప్పుకోలు ఉంటుందో, ఎంత ఉండదో మనకి తెలియందేముంది.

మంగళవారం అందరం అల్ ఖోర్ కేంద్రానికి వెళ్ళాలి, నేర్చుకున్నది పిల్లల దగ్గర చేసి చూడడానికి. ఆరున్నరకి కంపెనీ వాళ్ళిచ్చిన మినీబస్సు ముంతజా నుంచి బయల్దేరింది. అక్కడికి ఊరి బస్సులేమీ లేవు. కారు ఉండాలి, లేదా ఇలా ఎవరైనా బస్సు పెట్టాలి. గంట లోపు ప్రయాణం. రోడ్డుకి రెండు వైపులా ఇసక. అల్ ఖోర్ దగ్గర పడుతుంటే కుడివైపు సముద్రం, చేపల పడవలు, మసీదు మీనారు. సువార్త గారు మమ్మల్ని తీసుకెళ్ళడానికి ముందు రాత్రి దోహాలోనే ఉండిపోయారు. బస్సులో నా పక్కనే కూర్చుని లిల్లీ సంగతి చెప్పారు.

లిల్లీకి తొమ్మిదేళ్ళు. తండ్రి ప్రకాశరావు తణుకువాడు, గ్యాస్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. లిల్లీకి మాటలు తక్కువ, పనులు నెమ్మది. దోహాలో మన దేశం పిల్లల మామూలు బడి ఒకటి ఆమెని సెప్టెంబరు నుంచి పూటబడికి తీసుకుంటానంది. షరతు ఒకటే: అక్కడ ఆయా లేదు కాబట్టి స్నానాలగది పనులన్నీ పిల్ల సొంతంగా చేసుకోవాలి. ఆ బడి నుంచి మిసెస్ థామస్ బుధవారం వచ్చి చూస్తారు.

"కుదరకపోతే వాళ్ళమ్మ విమల పిల్లని తీసుకుని తణుకు వెళ్ళిపోతుందండి. ఇక్కడ కేంద్రం పదేళ్ళ దాకానే. ప్రకాశరావు ఒంటరి మగాళ్ళుండే కంపెనీ క్యాంపుకి మారిపోతాడు. రెండేళ్ళకోసారి సెలవు."

"నేర్చుకుందా?"

"అన్నీ వచ్చండి. ఏడాదిన్నర పట్టింది. చేతులు కడుక్కోవడం అయితే నాకే నేర్పుద్ది."

ఇంతవరకూ మొదటి వ్యాసానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా ఇక్కడినుంచి.

పదిన్నరకి కేంద్రం స్నానాలగదిలో చార్టు గోడకి అతికించాను. టీచర్లంతా గుమ్మం దగ్గర గుమిగూడారు. లిల్లీ వచ్చింది. రెండు జడలు, తెల్ల గౌను. చార్టులో పాప వంక చూసింది గానీ పెద్దగా పట్టించుకోలేదు. నేరుగా వెళ్ళి ఎర్ర కుళాయి మీద చెయ్యి వేసింది.

నేను ఆ చెయ్యి మెల్లిగా తీసి నీలం కుళాయి మీద పెట్టాను. చార్టులో మంట చూపించాను. సువార్త గారు "మాష్టారూ" అన్నారు. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తాను. లిల్లీ నా మొహం చూసి, పెద్దవాడు చెబుతున్నాడు కదా అని నీలం కుళాయి తిప్పింది. తిప్పి, ధార కిందికి ఒక్క వేలు చాపింది.

ఆ వేలిని పట్టుకున్నది నేను. "అలా కాదమ్మా" అని మిగతా వేళ్ళు కూడా చాపించి, రెండో చెయ్యి కూడా కలిపి, ధార కింద పెట్టించాను. పైపులో నిలవున్న నాలుగు చుక్కలూ అయిపోయాక మిద్దె మీది నీళ్ళు వచ్చాయి.

లిల్లీ అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చి అలాగే ఉండిపోయింది. సువార్త గారు పిల్లని లాక్కుని, తెల్లారుజామున నింపి నీడలో పెట్టిన బకెట్లో మోచేతుల దాకా ముంచారు. కంపెనీ నర్సు వచ్చి చూసి, పొక్కులేవీ రావు, ఎరుపు మధ్యాహ్నానికి పోతుందన్నది. పోయింది కూడా. కానీ లిల్లీ మాత్రం చేతులు గౌను మడతల్లో దాచుకుని, స్నానాలగది గుమ్మం దాటనంది.

విమల వచ్చేసరికి ఒంటిగంట. నేను ఏదో చెప్పబోతే ఆవిడే ముందు అన్నది. "ఫర్వాలేదండి మాష్టారూ, కావాలని చేస్తారా ఏంటి. టికెట్లు ఎలాగూ అడిగి ఉంచమన్నారు ఈయన."

తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో ఎవరూ ఎవర్నీ మెచ్చుకోలేదు. ఖాజా నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"సార్, పొద్దుగాల మీరు ఏ నల్లా తిప్పి తానం చేసిండ్రు?"

"ఎర్రది."

"గట్లనా," అని కిటికీలోంచి ఇసక చూస్తూ కూర్చున్నాడు. నాలుగు రోజులుగా పొద్దునా సాయంత్రం ఎర్ర కుళాయి కింద చల్లగా స్నానం చేసి, పౌడరు రాసుకుని వచ్చి, నీలంది చల్లన అని పాఠం చెప్పినవాణ్ణి నేను. ఇంటి కుళాయి వేరు, చార్టు కుళాయి వేరు అనుకున్నానేమో. ఏమనుకున్నానో నాకే తెలియదు.

మర్నాడు దోహాలో ముగింపు సభ, ఉపన్యాసాలు, ఫోటో. బస్సు ముంతజా చేరుతుండగా సువార్త గారు లేచి డ్రైవరు వెనక నిలబడ్డారు. ఆవిడ మా వెంట దోహాకి ఎందుకొచ్చారో అప్పుడు తెలిసింది.

"రేపు సభ వద్దండి. అందరూ మళ్ళీ అల్ ఖోర్ రండి. చేతులు కడుక్కుని వెళ్ళిపోదురుగాని. ఒక్కదాన్ని కడిగితే లిల్లీ నన్ను నమ్మదు. ఇరవై మంది కడిగితే నమ్ముద్ది."

ఎవరూ నా వంక చూడలేదు. ఈజిప్టు టీచరు "యల్లా" అన్నది, పదండి అని. అంతే, నిర్ణయం అయిపోయింది. అయిదు రోజుల శిక్షణలో దేశంలోని టీచర్లంతా కలిసి చేసిన మొదటి పని అదీ, నా జాబితా కాదు.

బుధవారం తొమ్మిదింటికి స్నానాలగదిలోంచి వరండా దాకా వరస. వక్రావాళ్ళు, దుఖాన్‌వాళ్ళు, అందరూ చిన్నపిల్లల్లా ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. విమల లిల్లీని ఎత్తుకున్నట్టే పట్టుకుని గుమ్మం బయట స్టూలు మీద కూర్చుంది. ఒక్కొక్కరూ వెళ్ళడం, నీలం కుళాయి తిప్పడం, ఒక్క వేలు పెట్టడం, "ఉఫ్" అని లాక్కోవడం, అది కట్టేసి ఎర్రది తిప్పి, మళ్ళీ ఒక్క వేలు, "ఆఁ" అని నవ్వి కడుక్కోవడం. సూడాన్ టీచరు ఆరడుగుల మనిషి. వేలు కాలిందని అంత ఎత్తునుంచీ గెంతితే లిల్లీ తల ఇటు తిప్పింది. ఖాజా "ఉఫ్" కూడా సైగతోనే చేశాడు. లిల్లీ చేతులు గౌనులోనే ఉన్నాయిగాని స్టూలు గుమ్మం లోపలికి జరిగింది.

వరసలో చివరివాణ్ణి నేను. ఇక్కడ నా మొదటి వ్యాసంలో ఏం రాశానో గుర్తుచేస్తాను: "అప్పుడు నేను పాపలో విశ్వాసం కలిగించడానికి తెలియనివాడిలా నటించాను. ఇది మన పద్ధతుల్లో ఉత్తమమైనది." ఈ వాక్యమే ఆ ఒకరిద్దరూ నాకు అప్పజెప్పింది.

నేను నటించలేదు. వరసలో నిలబడి, జరగని సభలో చెప్పాల్సిన ఉపన్యాసం మనసులో దిద్దుకుంటున్నాను. నా వంతు వచ్చింది. పదేళ్ళుగా పిల్లల ముందు చేసి చూపించిన చేతులు వాటంతట అవే పనిచేశాయి. రెండో మెట్టు, కుళాయి తిప్పు. నీలంది. మూడో మెట్టు, చేతులు తడుపు. రెండూ.

"అమ్మా" అని అరిచాను. చేతులు విదిలించుకుని గంతేస్తే కళ్ళజోడు సింకులో పడింది. వరండా అంతా చప్పట్లు. ఈయనలో ఇంత నటుడున్నాడా అని ఫిలిప్పీన్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది.

చప్పట్లు కొట్టనిది లిల్లీ ఒక్కతే. తల్లి చేతుల్లోంచి దిగి వచ్చింది. నా మొహంలోకి చూసింది. మా బడుల్లో, ఎన్నిసార్లు చెప్పినా తెలియని పిల్లవాణ్ణి మంచి టీచరు చూసే చూపు అది. విసుగు లేదు, ఆశా పెద్దగా లేదు. గౌనులోంచి చెయ్యి తీసి నా కుడిచెయ్యి పట్టుకుంది. నాలుగు వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, చూపుడువేలు ఒక్కటి మిగిల్చింది. నీలం కుళాయి కట్టేసి, ఎర్రది తిప్పి, ఆ వేలిని తీసుకెళ్ళి ధార కింద పెట్టింది. చల్లగా ఉంది.

"గుడ్," అంది లిల్లీ నాతో.

తర్వాత తన వేలు పెట్టి, తన చేతులు కడుక్కుంది. సబ్బు, వేళ్ళ సందులు, మణికట్లు, తువ్వాలు. సువార్త గారు గోడవైపు తిరిగి చార్టు సరిచేస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డారు.

మిసెస్ థామస్ పదకొండింటికి వచ్చారు. లిల్లీ మళ్ళీ చేసి చూపించింది.

"ఆ వేలెందుకు?" అని అడిగారావిడ.

"చలికాలం ఎర్రది కాలుద్దండి, ఎండాకాలం నీలంది కాలుద్ది. వేలికి ఏ కాలమైనా ఒకటే," అన్నారు సువార్త గారు ఇంగ్లీషులోనూ, తర్వాత నాకోసం తెలుగులోనూ. మిసెస్ థామస్ వెళ్ళేటప్పుడు సెప్టెంబరులో తెచ్చుకోవాల్సిన నీళ్ళ సీసా, యూనిఫాం రంగు విమలకి చెప్పారు. విమల టికెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దోహా నుంచి బయల్దేరాను. ఖాజా విమానాశ్రయం దాకా వచ్చి, సూక్‌ అనే బజారులో కొన్న ఖర్జూరాల డబ్బా చేతిలో పెట్టాడు. చార్టు పైపు అక్కడే వదిలేశాను. సువార్త గారు కావాలన్నారు, ఓరచూపు పాపకి మీసాలు గీస్తే పిల్లలకి సరదాగా ఉంటుందట. గడియారం మళ్ళీ రెండున్నర గంటలు ముందుకి.

మర్నాడు బొంబాయి నుంచి సికిందరాబాదు రైలు. షోలాపూరు దాటాక భోజనం చేసి, బోగీ చివర వాష్‌బేసిన్ దగ్గర కుళాయి కింద ఒక్క వేలు పెట్టి ఆగాను. వెనక నిలబడ్డ పెద్దమనిషి కంగారుపడ్డాడు.

"ఏందండీ, కరెంటు కొడుతోందా?"

"లేదండీ, అలవాటు."

సీటుకి వచ్చి, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఈ పత్రికకి ఖతర్ విశేషాలు రాయడం మొదలుపెట్టాను. చూపుడువేలి చివర ఇంకా కాస్త ఎర్రగా ఉంది. పెన్ను ఆనితే చురుక్కుమంది. ఆ వేలితోనే రాశాను: "పాపకి వేడికీ చల్లనకీ తేడా నేర్పకపోవడం స్థానిక ఉపాధ్యాయురాలి లోపం, తగు సూచనలతో దాన్ని సరిదిద్దాను."

ఎందుకు రాశానని మా ఆవిడ పోయిన నెల అడిగింది. ఇంటికి చేరేలోపు తప్పు ఇంకెవరిదైనా అయితే బాగుండుననిపించింది, రైలు చాలా దూరం నడిచింది, అన్నాను. ఆవిడ ఖాజా విస్తట్లో ఇంకాస్త పెరుగు వేసి, నాకు వెయ్యలేదు.

లిల్లీ ఆ బడికి ఇప్పటికీ వెళ్తోందని ఖాజా చెప్పాడు. ప్రకాశరావు క్యాంపుకి మారలేదు. ఖతర్‌లో కేంద్రాలన్నిటా చేతులు కడుక్కోవడానికి ఇప్పుడు పదకొండు మెట్లు. పది మెట్లు మన దగ్గరే మిగిలాయి. నా వ్యాసం చదివి ఆ చార్టు నకలు వేయించుకున్న బడులు మన జిల్లాల్లో చాలానే ఉన్నాయని నాకు తెలుసు. వాటిని చింపక్కర్లేదు. రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. అక్కడ చేత్తో రాసుకోండి: ముందు ఒక్క వేలు. దాని పక్కన చిన్న అక్షరాల్లో, సువార్త గారు, అల్ ఖోర్.